చంకలో మూడేళ్లున్న బిళ్ళ: హాడ్జ్‌కిన్ లింఫోమాలో అరుదైన ఒక ఉపరకాన్ని గుర్తించిన తీరు

పొదలకూరు వైపు ఒక పల్లెలో నిమ్మతోట సాగు చేసుకునే 41 ఏళ్ల రైతు, 2024 ఫిబ్రవరిలో, కుడి చంకలో కోడిగుడ్డంత గడ్డతో నెల్లూరులో ఒక సర్జన్‌ను కలిశారు. ఆ గడ్డను తొలగించి పంపగా పరీక్షించిన పాథాలజిస్టును నేను. అంతకు రెండున్నరేళ్ల ముందు అదే చంకలోంచి సూదితో తీసిన కణాలను చూసి, "రియాక్టివ్ లింఫాయిడ్ హైపర్‌ప్లేసియా" (ఇన్ఫెక్షన్ వంటి దానికి స్పందించి గ్రంథి ఉబ్బింది, క్యాన్సర్ కాదు) అని రాసి సంతకం పెట్టినవాణ్ణి కూడా నేనే. ఈ కేసును వివరంగా రాయడానికి అది ఒక కారణం. రెండో కారణం ఈ జబ్బు అరుదుగా కనిపించడం. హాడ్జ్‌కిన్ లింఫోమా అంటే లింఫ్ గ్రంథుల్లో పుట్టే ఒక క్యాన్సర్; అందులో ఉపరకమైన నాడ్యులర్ లింఫోసైట్ ప్రిడామినెంట్ హాడ్జ్‌కిన్ లింఫోమా మొత్తం హాడ్జ్‌కిన్ కేసుల్లో సుమారు 5 శాతమే కనుక, జిల్లా కేంద్రంలో పనిచేసే పాథాలజిస్టుకు ఏళ్ల తరబడి ఒక్కటీ ఎదురుకాకపోవచ్చు, ఎదురైనా దానికి మరో పేరు పెట్టి పంపేయవచ్చు. రోగి అనుమతితోనే రాస్తున్నాను. ఆయనను ఎవరూ గుర్తుపట్టకుండా ఒకటి రెండు వివరాలు మార్చాను.

ముల్లు గీత, సూది పరీక్ష, టీబీ మందులు

నిమ్మకాయలు కోసేవారి చేతులు మోచేతి దాకా గీతలతో ఉంటాయి. ముల్లు విరిగి లోపల ఉండిపోవడం, ఆ చోట చీము పట్టడం, దానితో చంకలో బిళ్ళ కట్టడం ఈ ప్రాంతపు తోటల్లో అందరికీ తెలిసిన సంగతే. కాపడం పెట్టుకుని, నాలుగు రోజులు మాత్రలు వేసుకుంటే ఆ బిళ్ళ కరిగిపోతుంది. 2021 వేసవిలో కుడి చంకలో ఉసిరికాయంత బిళ్ళ చేతికి తగిలినప్పుడు ఈ రైతు కూడా అలాగే అనుకున్నారు. అయితే ముల్లు వల్ల కట్టిన బిళ్ళ నొప్పి పెడుతుంది, దానికి నొప్పి లేదు. ముల్లు వల్ల కట్టిన బిళ్ళ రెండు మూడు వారాల్లో తగ్గుతుంది, అది తగ్గలేదు. జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, దురద వంటివేవీ లేకపోవడంతో, రెండుసార్లు యాంటీబయాటిక్ వాడిన తరువాత, ఆగస్టులో ఆయనను సూది పరీక్షకు పంపారు.

ఆ స్లైడ్లు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. వాటిలో రకరకాల పరిమాణాల్లో లింఫోసైట్లు, అక్కడక్కడా చెత్తను మింగిన మాక్రోఫేజ్‌లు కనిపిస్తాయి. టీబీని సూచించే గ్రాన్యులోమాలు (రక్షణ కణాల గుంపులు) గానీ, హాడ్జ్‌కిన్ జబ్బుకు గుర్తైన పెద్ద రీడ్-స్టెర్న్‌బర్గ్ కణాలు గానీ లేవు. ఇన్నాళ్ల తరువాత, జబ్బు ఏమిటో తెలిసి మళ్ళీ వెతికినా, ఆరు స్లైడ్లలో అనుమానించదగిన పెద్ద కణం ఒకే ఒక్కటి దొరికింది, అది కూడా సగం నలిగిపోయి ఉంది. ఈ జబ్బులో అసలైన కణితి కణాలు గ్రంథిలో నూటికి ఒకటో అరో ఉంటాయి. మిగిలినవన్నీ మామూలు చిన్న లింఫోసైట్లే. పైగా రోగనిర్ధారణకు ఆధారం కణం ఒక్కటే కాదు, ఆ కణాలు ఏ అమరికలో ఉన్నాయన్నది కూడా. సూదితో లాగినప్పుడు ఆ అమరిక చెదిరిపోతుంది. తోటలోంచి గుప్పెడు ఆకులు దూసి తెచ్చి, చెట్లను ఏ వరుసల్లో నాటారో చెప్పమన్నట్టు ఉంటుంది ఆ పని. కాబట్టి ఆనాడు కనిపించినంత వరకు నేను రాసింది తప్పు కాదు. తప్పు రాయకుండా వదిలేసిన దాంట్లో ఉంది: "ఈ గడ్డ నాలుగు నుంచి ఆరు వారాల్లో తగ్గకపోతే గ్రంథిని పూర్తిగా తీసి పరీక్షించాలి" అన్న వాక్యం ఆ రిపోర్టులో లేదు. ఆ కాగితాన్ని రోగి "ఏమీ లేదు" అనే అర్థంలో ఇంటికి తీసుకెళ్లి, ప్లాస్టిక్ కవరులో దాచుకున్నారు.

2022లో, మరో ఊరిలో, మరో సూది పరీక్ష జరిగింది. ఈసారి రిపోర్టులో "ఎపిథీలియాయిడ్ కణాల చిన్న గుంపులు, గ్రాన్యులోమాటస్ లింఫడినైటిస్‌కు అవకాశం" అని, అంటే టీబీలో కనిపించే రకం గ్రంథివాపు కావచ్చని ఉంది. టీబీ క్రిములు కనిపించలేదు, కేసియేషన్ అనే పెరుగు ముద్దలాంటి కుళ్ళు లేదు, టీబీ క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే సీబీ-న్యాట్ పరీక్ష చేయలేదు. అయినా టీబీ మందులు మొదలయ్యాయి: రెండు నెలలు నాలుగు మందులు, ఆ తరువాత నాలుగు నెలలు మూడు మందులు. మన ప్రాంతంలో తగ్గని గ్రంథివాపుకు మొదట టీబీని తలచుకోవడం సహజం, చాలా కేసుల్లో అది సరైనది కూడా. ఇక్కడ తెలుసుకోవలసిన విషయం ఏమిటంటే, ఈ ఉపరకపు లింఫోమాలో కణితి ముద్దల అంచుల వెంబడి ఎపిథీలియాయిడ్ హిస్టియోసైట్లు (మాక్రోఫేజ్ జాతి కణాలు) గుంపులుగా చేరడం తరచుగా కనిపిస్తుంది. సూది సరిగ్గా ఆ అంచులోకి దిగితే, స్లైడు మీద కనిపించేది టీబీని పోలి ఉంటుంది. రెండో రిపోర్టు రాసినవారు చూసింది నిజమే, కాకపోతే దాని వెనుకనున్నది వేరు.

మందులు వాడిన ఆరు నెలల్లో గడ్డ తగ్గిందా అని నేను తరువాత అడిగినప్పుడు, ఆయన "రొంత తగ్గినట్టే ఉండె" అన్నారు. చీటీల్లో మాత్రం ఎక్కడా ఒక్క కొలత కూడా లేదు. మొదట ఎన్ని సెంటీమీటర్లు, రెండు నెలలకు ఎన్ని, ఆరు నెలలకు ఎన్ని అన్నది ఎవరైనా రాసి ఉంటే, ఆ మందులు పనిచేయడం లేదని మూడో నెలలోనే తేలిపోయేది. ఈ లింఫోమా చాలా నెమ్మదిగా పెరుగుతుంది. ఏళ్ల తరబడి ఒకే చోట, మనిషిని బాధపెట్టకుండా ఉండిపోతుంది. ఆ నెమ్మదితనమే వైద్యుణ్ణీ రోగినీ కూడా నమ్మిస్తుంది.

గ్రంథిని తీసి పంపడం

2024 ఫిబ్రవరిలో సర్జన్ పరీక్షించినప్పుడు గడ్డ సుమారు 4 సెంటీమీటర్లు ఉంది. రబ్బరు బంతిలా గట్టిగా, నొప్పి లేకుండా, వేళ్ల కింద కదులుతూ ఉంది. మెడలో, గజ్జల్లో, ఎడమ చంకలో గ్రంథులు తగలలేదు. కాలేయం, ప్లీహం పెరగలేదు. హిమోగ్లోబిన్ 13.6, తెల్లకణాలు 7,200, ఈఎస్ఆర్ 18, ఎల్‌డీహెచ్ మామూలుగానే ఉంది. హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ పరీక్షలు నెగటివ్. ఛాతీ ఎక్స్‌రేలో ఏమీ లేదు. మాంటూ అనే టీబీ చర్మపరీక్ష 12 మిల్లీమీటర్లు వచ్చింది గాని, మన దేశంలో పెద్దవారిలో ఆ అంకె ఏ వైపుకూ ఆధారం కాదు.

శస్త్రచికిత్సకు ముందు సర్జన్ నాకు ఫోన్ చేశారు. ఈ కేసులో జరిగిన మేలంతా ఆ ఫోన్‌తోనే మొదలైందని నా అభిప్రాయం. సాధారణంగా లింఫ్ గ్రంథులు మా ల్యాబ్‌కు ఎలా చేరతాయో చెప్పడానికి కొంచెం సంకోచంగా ఉంటుంది. మూతి ఇరుకైన ఖాళీ మందు సీసాలో, గ్రంథి మునిగీ మునగనంత ఫార్మలిన్‌లో, కొన్నిసార్లు స్పిరిట్‌లో, ఒకటి రెండుసార్లు ఉత్త సెలైన్‌లో రాత్రంతా నానిన గ్రంథులు వచ్చాయి. సీసా మూతిలోంచి దూరడానికి గ్రంథిని నలిపి దించడం, గట్టిపడ్డాక బయటికి రాక మేము సీసా పగలగొట్టడం కూడా జరిగాయి. కోయకుండా ఫార్మలిన్‌లో వేసిన పెద్ద గ్రంథి పైపొర మాత్రమే గట్టిపడి, నడిమధ్య కుళ్ళుతుంది. అటువంటి గ్రంథి నుంచి తీసిన సెక్షన్‌లో కణాల కేంద్రకాలు మసకబారి ఉంటాయి, కణంలోని ప్రొటీన్లను గుర్తించడానికి ఆపై వేసే ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ రంగులు కూడా నమ్మదగినవి కావు.

అందుచేత ఆ రోజు ఏర్పాటు ఇలా చేసుకున్నాము: అందిన వాటిలో పెద్ద గ్రంథిని, పొర చెదరకుండా, కత్తి పెట్టకుండా పూర్తిగా తీసి, సెలైన్‌తో తడిపిన గాజుగుడ్డలో చుట్టి అరగంట లోపల ల్యాబ్‌కు పంపాలి. గ్రంథి 3.8 సెంటీమీటర్ల పొడవుంది. రెండుగా కోసి చూస్తే లోపల చేప కండలాంటి బూడిద తెలుపు రంగు, దానిలో ద్రాక్షగుత్తిని అడ్డంగా కోసినట్టు అస్పష్టమైన గుండ్రని ముద్దలు కనిపించాయి. చీము గానీ, టీబీలో ఉండే తెల్లని పెరుగు ముద్ద గానీ లేదు. ముందుగా ఒక చిన్న ముక్కను శుభ్రమైన గొట్టంలో వేసి సీబీ-న్యాట్‌కూ, టీబీ కల్చర్‌కూ పంపాము. ఫార్మలిన్ తగిలాక ఆ ముక్క కల్చర్‌కు పనికిరాదు కనుక ఈ వరుస ముఖ్యం. కోసిన ముఖాన్ని గాజు పలకలకు అద్ది ముద్రలు తీసుకున్నాము. మిగిలిన గ్రంథిని మూడేసి మిల్లీమీటర్ల పలుచని బిళ్ళలుగా కోసి, సరిపడినంత 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో మరునాటి వరకు ఉంచాము. సీబీ-న్యాట్‌లో టీబీ కనబడలేదు. కల్చర్ ఫలితం ఆరు వారాల తరువాత వచ్చింది. అందులోనూ ఏమీ పెరగలేదు.

సూక్ష్మదర్శిని కింద

హెచ్ అండ్ ఈ అనే మామూలు రంగు వేసిన సెక్షన్‌ను తక్కువ మాగ్నిఫికేషన్‌లో చూసినప్పుడే గ్రంథి తన మామూలు నిర్మాణాన్ని కోల్పోయిందని తెలిసింది. మామూలు జెర్మినల్ సెంటర్లకు (బీ లింఫోసైట్లు పెరిగే గుండ్రని చోట్లకు) బదులు, వాటికి ఎన్నో రెట్లు పెద్దవైన, నల్లని నీలిరంగు ముద్దలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. ఒక మూల అంచున మాత్రం నలిగిపోయిన మామూలు గ్రంథి సన్నని వంపులా మిగిలి ఉంది. ఆ ముద్దల్లో చిన్న లింఫోసైట్లు కిక్కిరిసి ఉండగా, వాటి నడుమ అక్కడక్కడా, తెల్లగా తేలినట్టు, పెద్ద కణాలు కనిపించాయి. వాటి కేంద్రకం మడతలు పడి, తమ్మెలు తమ్మెలుగా ఉబ్బి, లోపల పలుచగా ఉంటుంది; కేంద్రకాంశాలు చిన్నవి, ఒకటి కంటే ఎక్కువ ఉంటాయి. పుస్తకాలు వీటిని పాప్‌కార్న్ కణాలంటాయి. తెలుగులో పేలాలని సరిగ్గా అనువదించవచ్చు, వేగిన జొన్న పేలం ఒక్కసారి చూసినవారికి ఈ కేంద్రకం ఆకారం మళ్ళీ వివరించనక్కరలేదు. వీటి శాస్త్రీయమైన పేరు ఎల్‌పీ (లింఫోసైట్ ప్రిడామినెంట్) కణాలు, ఈ జబ్బులో కణితి కణాలు ఇవే. ముద్దల అంచుల్లో ఎపిథీలియాయిడ్ హిస్టియోసైట్ల గుంపులు ఉన్నాయి, రెండేళ్ల క్రితం ఆ సూది దిగింది ఇటువంటి చోటనే అయ్యుండాలి. ఇయోసినోఫిల్స్, న్యూట్రోఫిల్స్, ప్లాస్మా కణాలు దాదాపు లేవు. హాడ్జ్‌కిన్ కేసుల్లో అత్యధిక భాగమైన క్లాసికల్ హాడ్జ్‌కిన్‌లో, ముఖ్యంగా మన దేశంలో ఎక్కువగా చూసే మిక్స్‌డ్ సెల్యులారిటీ రకంలో, ఈ కణాలే సెక్షన్‌ను నింపేస్తాయి.

ఇంతవరకు చూస్తే రోగనిర్ధారణ సులభమే అనిపిస్తుంది. కాని రెండో బ్లాక్‌లో (మైనంలో పొదిగిన గ్రంథి ముక్కలో) ఒక కణం దొరికింది: రెండు కేంద్రకాలు, ఒక్కొక్క దానిలో గుడ్లగూబ కన్నులాంటి పెద్ద ఎర్రని కేంద్రకాంశం. అది పుస్తకంలో బొమ్మ వేయదగిన రీడ్-స్టెర్న్‌బర్గ్ కణంలా ఉంది. దాన్ని చూశాక నా ఆలోచన లింఫోసైట్-రిచ్ క్లాసికల్ హాడ్జ్‌కిన్ వైపు మళ్ళింది. ఆ రకం కూడా ముద్దలు ముద్దలుగా, చిన్న లింఫోసైట్లతో నిండి, ఇయోసినోఫిల్స్ లేకుండా, ఇంచుమించు ఇలాగే ఉంటుంది. ఎల్‌పీ కణాలు కూడా అరుదుగా రీడ్-స్టెర్న్‌బర్గ్ కణపు వేషం వేస్తాయి, కనుక ఒక్క కణం ఆకారాన్ని నమ్ముకుని ఇక్కడ పేరు పెట్టకూడదు. ఈ రెండు రకాలనూ కళ్ళతో మాత్రమే విడదీయవలసి వచ్చిన కాలంలో, అనుభవజ్ఞులు సైతం ఒకదాన్ని మరొకటిగా రాశారు.

మేము మొదటి విడతలో చేయగలిగిన ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ ఐదు రంగులకే పరిమితం: సీడీ45, సీడీ20, సీడీ3, సీడీ30, సీడీ15. సీడీ45 తెల్లకణాల గుర్తు, సీడీ20 బీ లింఫోసైట్లది, సీడీ3 టీ లింఫోసైట్లది; సీడీ30, సీడీ15 సాధారణంగా క్లాసికల్ హాడ్జ్‌కిన్ కణాల్లో కనిపిస్తాయి. ఫలితాల్లో సీడీ15 నెగటివ్. సీడీ20 ముద్దలన్నిటినీ గోధుమ రంగుతో నింపేసింది గనుక, ఆ ముద్దల నడుమ ఉన్న పెద్ద కణం రంగు పట్టిందా, లేక పక్కనున్న చిన్న కణాల రంగు దాని మీద పడిందా అన్నది తేలలేదు. సీడీ30 కొన్ని పెద్ద కణాల్లో స్పష్టంగా పాజిటివ్‌గా ఉంది. ఆ సాయంత్రం నేను సిద్ధం చేసుకున్న ముసాయిదాలో "క్లాసికల్ హాడ్జ్‌కిన్ లింఫోమా, లింఫోసైట్-రిచ్" అని రాసి ఉంది.

దాన్ని పంపకుండా ఆపినది స్లైడు కంటే రోగి వయస్సు, జబ్బు నడిచిన తీరు. నలభై దాటిన పురుషుడు, చంకలో ఒక్క చోటే జబ్బు, మూడేళ్లుగా ఉన్నా జ్వరం లేదు, ఛాతీలో గడ్డ లేదు. నాడ్యులర్ లింఫోసైట్ ప్రిడామినెంట్ రకం పురుషుల్లో స్త్రీల కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కనబడుతుంది. మెడ, చంక, గజ్జల్లో పైపైనుండే గ్రంథులకు వస్తుంది. ఛాతీ నడిమధ్య గ్రంథుల జోలికి సాధారణంగా పోదు. లింఫోసైట్-రిచ్ రకం కూడా ఇంచుమించు ఇలాగే ప్రవర్తిస్తుంది కాబట్టి దీన్ని రుజువని అనలేను, కాని మరునాడు స్లైడును మళ్ళీ పెట్టుకుని చూడడానికి సరిపడినంత అనుమానం కలిగింది. అప్పుడు అడగవలసిన ప్రశ్న అడిగాను: సీడీ30 రంగు పట్టిన కణాలు ఏవి? పేలాల కణాలా, వేరేవా? హెచ్ అండ్ ఈ స్లైడునూ సీడీ30 స్లైడునూ పక్కపక్కన పెట్టి, ఒక్కొక్క ముద్దనూ సరిపోల్చుకుంటూ చూస్తే, రంగు పట్టిన కణాలు ముద్దల మధ్య సందుల్లో ఉన్నాయి. అవి కణితి కణాలు కావు, ఏ గ్రంథిలోనైనా ఉత్తేజం పొందినప్పుడు కనిపించే ఇమ్యునోబ్లాస్టులు. ముద్దల లోపలున్న పేలాల కణాల్లో ఒక్కటీ సీడీ30 రంగు పట్టలేదు. పైగా సీడీ45 వాటి చుట్టూ గట్టిగా గీత గీసినట్టు పాజిటివ్‌గా ఉంది. క్లాసికల్ రకపు కణం సీడీ45ను చూపదు.

ఆ సంగతులన్నీ రాసి, ఎంచుకున్న బ్లాక్‌ను చెన్నైలోని ఒక పెద్ద ల్యాబ్‌కు పంపాము. నెల్లూరు నుంచి చెన్నైకి పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి బ్లాక్ అక్కడుంటుంది, ఆ మేరకు మనం అదృష్టవంతులం. బ్లాక్‌తో పాటు నేను అడిగిన ప్రశ్నను, అనుమానిస్తున్న రెండు పేర్లను, ఏ ముద్దలను చూడాలో గుర్తు పెట్టిన స్లైడును పంపాను. "లింఫోమా ప్యానెల్" అని ఒక్క మాట రాసి పంపితే, వచ్చే జవాబు కూడా అంత మేరకే ఉంటుంది.

అక్కడి ఫలితాలలో అన్నిటికంటే తేటగా మాట్లాడింది ఓసీటీ2. ఇది బీ కణాల కేంద్రకంలో ఉండే ప్రొటీన్. చిన్న కణాల్లో లేతగా, పేలాల కణాల్లో చిక్కగా పట్టడంతో, నీలి ఆకాశంలో చుక్కల్లా ఒక్కొక్క ఎల్‌పీ కణం లెక్కపెట్టగలిగేంత స్పష్టంగా బయటపడింది. బీ కణపు గుర్తులైన బాబ్1, పాక్స్5, సీడీ79ఏ, బీసీఎల్6 కూడా ఆ కణాల్లో పాజిటివ్. క్లాసికల్ హాడ్జ్‌కిన్ కణం కూడా పుట్టుకతో బీ కణమే గాని, బీ కణపు లక్షణాలను చాలా వరకు వదిలేసుకుంటుంది. పాక్స్5 లేతగా మిగలవచ్చు, ఓసీటీ2, బాబ్1 సాధారణంగా రెండూ కలిసి బలంగా కనిపించవు. పీడీ1 రంగుతో చూస్తే, చిన్న టీ కణాలు ఒక్కొక్క పేలపు కణం చుట్టూ పూలదండలా అల్లుకుని ఉన్నాయి. సీడీ21 రంగు ఆ ముద్దల కింద ఫాలిక్యులర్ డెండ్రిటిక్ కణాల (జెర్మినల్ సెంటర్‌కు ఆధారంగా ఉండే కణాల) వల విస్తరించి ఉందని చూపింది. ఎప్‌స్టీన్-బార్ వైరస్ కోసం చేసిన ఈబర్ పరీక్ష నెగటివ్. ఇవన్నీ కలిపి చూస్తే ఇది క్లాసికల్ రకం కాదు, నాడ్యులర్ లింఫోసైట్ ప్రిడామినెంట్ రకమే.

మిగిలిన అనుమానాలను క్లుప్తంగా చెబుతాను. జెర్మినల్ సెంటర్లు పెద్దవై చెదిరిపోయే ప్రోగ్రెసివ్ ట్రాన్స్‌ఫర్మేషన్ అనే నిరపాయకరమైన మార్పు ఈ లింఫోమాతో పాటుగానో, ముందుగానో ఉండవచ్చు. కాని అందులో ఎల్‌పీ కణాలుండవు. ఫాలిక్యులర్ లింఫోమాలో సీడీ10, బీసీఎల్2 వేరుగా ఉంటాయి. వదిలేయకూడనిది టీ-సెల్ హిస్టియోసైట్ రిచ్ లార్జ్ బీ-సెల్ లింఫోమా. అక్కడి పెద్ద కణం మన ఎల్‌పీ కణాన్నే పోలి ఉంటుంది, రంగులూ దగ్గరగానే ఉంటాయి. తేడా అంతా పరిసరాల్లో ఉంది. దానిలో ముద్దలుండవు, సీడీ21 వల ఉండదు, చుట్టూ ఉన్నవి దాదాపు టీ కణాలే, రోగి జ్వరంతో, పెరిగిన ప్లీహంతో వస్తాడు. సూది మొనతో తీసిన సన్నని కోర్ బయాప్సీలో ఈ తేడాను చూపడం చాలాసార్లు సాధ్యం కాదు. ఇక్కడ గ్రంథి మొత్తం చేతిలో ఉంది గనుక, అన్ని బ్లాకుల్లోనూ ముద్దలే తప్ప విస్తరించిన చోటు లేదని చెప్పగలిగాము. ఈ జబ్బు అమరికల్లో 2003లో వర్ణించిన ఆరు రకాలున్నాయి. ఈ కేసు వాటిలో మొదటిదైన బీ కణాలతో నిండిన ముద్దల రకం. రకాన్ని రిపోర్టులో రాయడం అలంకారం కాదు, కొన్ని రకాల్లో జబ్బు తిరిగి రావడం ఎక్కువ.

పేరు గురించి

లండన్ వైద్యుడు థామస్ హాడ్జ్‌కిన్ 1832లో కళ్ళతో చూసి వర్ణించిన గ్రంథుల జబ్బుకు 1865లో శామ్యూల్ విల్క్స్ ఆయన పేరు పెట్టారు. ఆ జబ్బు కణాన్ని 1898లో కార్ల్ స్టెర్న్‌బర్గ్, 1902లో డొరొతీ రీడ్ వర్ణించారు. లింఫోసైట్లు ఎక్కువగా ఉండే ఈ రకం చాలాకాలం ఆ గొడుగు కిందనే ఒక మూల ఉండిపోయింది. 1994 వర్గీకరణలో గాని క్లాసికల్ రకాల నుంచి దీన్ని విడదీయలేదు. 2022లో వచ్చిన రెండు వర్గీకరణల్లో ఒకటి మరో అడుగు వేసి, బీ కణ లక్షణాలన్నీ నిలుపుకున్న ఈ జబ్బును హాడ్జ్‌కిన్ అనడమే సరికాదని, "నాడ్యులర్ లింఫోసైట్ ప్రిడామినెంట్ బీ-సెల్ లింఫోమా" అని పేరు మార్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ మాత్రం పాత పేరును కొనసాగించింది. నాకు కొత్త పేరే సమంజసంగా తోస్తుంది. అయినా రిపోర్టు మొదటి వరుసలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పేరు, దాని కింద రెండో పేరు రాశాను. ఈ కాగితం రేపు ఆరోగ్యశ్రీ బల్ల మీదకు వెళుతుంది, ఎల్లుండి మరో ఊరి డాక్టరు చేతికి వెళుతుంది. ఒకే మనిషికి రెండు జబ్బులున్నాయని ఎవరూ అనుకోకూడదు.

చికిత్స

జబ్బున్న చోటు వెలుగుగా కనిపించే పెట్ స్కాన్‌లో కుడి చంకలో మిగిలిన రెండు గ్రంథులు తప్ప మరెక్కడా జబ్బు కనబడలేదు. ఒకే ప్రాంతం, జ్వరం వంటి లక్షణాలు లేవు, కాబట్టి లింఫోమా ఎంత విస్తరించిందో చెప్పే ఆన్ ఆర్బర్ లెక్కలో దశ 1ఏ. ప్లీహంలోనో, కడుపులోని గ్రంథుల్లోనో వెలుగు కనబడి ఉంటే, పెద్ద బీ-సెల్ లింఫోమాగా మారిందేమోనని అక్కడి ముక్క కూడా తీయవలసి వచ్చేది. ఈ దశలో బోన్ మ్యారో పరీక్ష అవసరపడలేదు.

నా ముసాయిదా రిపోర్టే వెళ్లి ఉంటే ఏమి జరిగేదో ఇక్కడ చెప్పాలి. తొలిదశ క్లాసికల్ హాడ్జ్‌కిన్‌కు ఏబీవీడీ అనే నాలుగు మందుల కీమోథెరపీ కనీసం రెండు విడతలు, ఆపై రేడియేషన్ ఇస్తారు. ఆ మందుల్లో ఒకటి ఊపిరితిత్తులను, మరొకటి గుండెను దెబ్బతీయగలవు. దశ 1ఏలో ఉన్న ఈ ఉపరకానికి జబ్బున్న చోట రేడియేషన్ ఒక్కటే సరిపోతుంది. ఆంకాలజిస్టు 30 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలమానం) రేడియేషన్‌ను 15 విడతల్లో, మూడు వారాల్లో ఇచ్చారు. జబ్బు ముదిరిన దశలో ఉంటే, ఎల్‌పీ కణాలు సీడీ20 పాజిటివ్ కనుక సీడీ20ని పట్టుకుని దాడిచేసే రిటుక్సిమాబ్ అనే మందు కలిపిన కీమోథెరపీ ఇచ్చేవారు.

రోగనిర్ధారణ చెప్పిన రోజు ఆంకాలజిస్టుతో పాటు నేనూ కూర్చున్నాను. పాథాలజిస్టులు సాధారణంగా ఆ పని చేయరు, నా సంతకమున్న పాత కాగితం ఆయన కవరులో ఉంది గనుక వెళ్ళాను. ఆయన అడిగిన మొదటి మాట, "సార్, ఆ ఆర్నెల్ల మందులు మళ్ళా మింగాల్నా?" అక్కర్లేదన్నాక చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఆయన భార్య, "కరెంటు పెడితే చెయ్యి పనికొస్తుందా, తోటంతా ఈయన చేతి మీదే ఉండాదే" అని అడిగారు. సరైన ప్రశ్న అది. గ్రంథి తీసి, రేడియేషన్ ఇచ్చిన చంక వైపు చేతిలో నీరు పట్టే అవకాశం ఉంది, అటువంటి చేతిలో చిన్న ముల్లు గీత కూడా సెల్యులైటిస్ (చర్మం లోపలికి పాకే ఇన్ఫెక్షన్)గా మారవచ్చు. కుడి చేతికి మోచేయి దాటిన తోలు తొడుగు లేకుండా చెట్టు దగ్గరకు వెళ్లవద్దని, గీత పడితే వెంటనే సబ్బునీళ్లతో కడిగి, ఎర్రబడితే ఆ రోజే రావాలని చెప్పాము. 2021 నాటి రిపోర్టులో ఏ వాక్యం లేదో కూడా ఆయనకు చెప్పాను. ఆయన ఆ కాగితం తీసి, ఎక్కడ రాసి ఉండవలసిందో చూపించమన్నారు. చూపించాను.

రేడియేషన్ ముగిసిన మూడు నెలలకు తీసిన పెట్ స్కాన్‌లో జబ్బు ఆనవాలు లేదు. పెట్ స్కాన్‌లో మిగిలిన వెలుగును 1 నుంచి 5 వరకు లెక్కించే డోవిల్ స్కోరు 1, అంటే ఏమీ లేనట్టు. ఈ జబ్బు పది సంవత్సరాల తరువాత కూడా తిరిగి రాగలదు కనుక, ఆయన రాకపోకలు ఇప్పట్లో ఆగవు. ఎక్కడ కొత్త గ్రంథి తగిలినా, పాత జబ్బే అనుకుని వైద్యం మొదలుపెట్టకుండా, మళ్ళీ ముక్క తీసి చూడాలని కేస్ షీటు మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాసి ఉంది.

2025 జూన్‌లో ఆయన ముందుగా అనుకున్న తేదీ కంటే నెల రోజులు ముందే వచ్చారు. ఎడమ చంకలో బిళ్ళ. కుడి చేతిని కాపాడుకోవడానికి ఆయన కాయలు ఎడమ చేత్తో కోయడం అలవాటు చేసుకున్నారు. ఆ చేతి బొటనవేలి మొదట్లో ముల్లు విరిగి, చుట్టూ చీము పట్టి ఉంది. బిళ్ళ ముట్టుకుంటే నొప్పి పుడుతోంది. సర్జన్ ముల్లు తీసి, కాలిపర్‌తో కొలిచి, 1.4 సెంటీమీటర్లు అని తేదీతో సహా రాశారు. మూడు వారాల తరువాత అదే చోట, అదే వేలితో వెతికితే ఏమీ తగలలేదు.